వెబ్‌లో చదవడానికి తగిన ఫార్మాట్లు: ఉదయగిరి, ఆత్మకూరు శాసన పాఠాలు

వెబ్‌లో ఉంచిన గ్రంథం చదవడానికి, వెతకడానికి ఎంత అనువుగా ఉంటుందన్నది చాలావరకు దాని ఫార్మాట్ మీద ఆధారపడుతుంది. పశ్చిమ నెల్లూరు చరిత్రకు మూలాధారమైన ఒక గ్రంథమే ఇందుకు నిదర్శనం. అలన్ బట్టర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మద్రాసులో మూడు భాగాలుగా అచ్చయ్యాయి. అందులో ఆత్మకూరు, ఉదయగిరి శాసనాలకు తాలూకాల వారీగా వరుస సంఖ్యలున్నాయి. ఆ సంపుటాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే స్కాన్ అంటే పుట బొమ్మ. ఉదాహరణకు, కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ కాలపు శాసనాల్లో ‘గజపతి’ అన్న మాట ఎక్కడుందో బొమ్మలో వెతికితే దొరకదు. ఫోన్‌లో ప్రతి పంక్తినీ పెద్దది చేసి, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి.

అడోబీ సంస్థ 1993లో తెచ్చిన పీడీఎఫ్ అచ్చు కోసం పుట అమరికను చెదరనివ్వదు. ఆ స్థిరత్వమే చిన్న తెర మీద ఇబ్బంది అవుతుంది. పైగా అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్ కంటికి తెలుగుగా కనిపించినా, కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో రాసిన హెచ్‌టీఎంఎల్ పేజీకి ఈ చిక్కు లేదు. పాఠం తెర వెడల్పుకు సర్దుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఒక్కో శాసనానికి విడి లంకె ఇవ్వవచ్చు.

టైపు చేసిన పాఠంలో తప్పులు దొర్లుతాయని, శాసనానికి పంక్తి విభజన, శిథిలాక్షరాలు కూడా ముఖ్యమేనని పరిశోధకులు ఆక్షేపించవచ్చు. ఆ మాట నిజమే. అందుకే స్కాన్‌ను తీసేయకూడదు. వికీసోర్స్‌లో జరుగుతున్నట్టు పుట బొమ్మ పక్కనే పాఠాన్ని ఉంచి సరిచూడాలి. సిగ్నల్ అందని చోట దాచుకున్న పీడీఎఫే దిక్కు కదా అన్నది రెండో అభ్యంతరం. ఆ అవసరాన్ని ఈపబ్ ఇంకా బాగా తీరుస్తుంది. అది హెచ్‌టీఎంఎల్ పుటలనే ఒకే ఫైలుగా కట్టిన రూపం. దించుకున్నాక నెట్ లేకుండానే, తెరకు తగ్గట్టు చదవవచ్చు. శ్రమ ఎక్కువన్నదీ వాస్తవమే గానీ, ఒకసారి సరిచూసిన యూనికోడ్ పాఠం నుంచి మిగతా రూపాలన్నీ తయారవుతాయి. బొమ్మ నుంచి పాఠం రాబట్టడానికి మాత్రం మళ్లీ మొదటి నుంచి పనిచేయాలి. కాబట్టి చదువుకు హెచ్‌టీఎంఎల్, నెట్ లేనప్పుడు ఈపబ్, అచ్చుకు పీడీఎఫ్, సాక్ష్యానికి స్కాన్ తగినవి. స్థానిక చరిత్రను ప్రచురించేవారు యూనికోడ్ పాఠంతోనే పని మొదలుపెట్టాలి.