విలువిద్యకు ఒక కొలబద్ద

ద్రౌపదీ స్వయంవర కథ మనకందరికీ తెలిసినదే. అందులో మనము సాధారణముగా గమనించని విషయము ఒకటి కలదు. సభకు వచ్చిన రాజులందరికీ ద్రుపదుడు ఒకే విల్లు, అవే అయిదు బాణాలు, ఒకే లక్ష్యము ఏర్పాటు చేసినాడు. ఎవరి విల్లు వారు తెచ్చుకొని, ఎవరికి తోచిన దూరము నుండి వారు కొట్టి ఉంటే అర్జునుడే మేటి అని ఎవరు చెప్పగలరు? పోటీకి ముందు అందరూ అంగీకరించిన కొలబద్ద ఒకటి ఉండవలెను. ముఖ్యముగా ఈ కొలబద్ద లేకపోవుటచేతనే విలువిద్య ఒలింపిక్ క్రీడలలో అర్ధ శతాబ్దము పైగా చోటు కోల్పోయినది. దానిని తిరిగి సంపాదించిన తీరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తెలుసుకొనదగినది.

ఊరికొక పద్ధతి

ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సు నగరములో ప్రారంభమైనవి. విలువిద్య 1900లో పారిస్‌లో వాటిలో చేరినది. అక్కడ పోటీలు ఫ్రెంచి, బెల్జియన్ సంప్రదాయాల ప్రకారము జరిగినవి. నేలమీది లక్ష్యాలతో పాటు, ఎత్తయిన స్తంభము మీద అమర్చిన పక్షి బొమ్మలను పడగొట్టుట కూడ ఒక పోటీయే. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీలో అమెరికన్ పద్ధతి వచ్చినది. పాల్గొన్న విలుకాండ్రందరూ అమెరికన్లే. అనగా, ఎవరి ఇంట పెళ్ళి జరిగితే వారి ఆచారమే చెల్లినది.

1908 లండన్ పోటీలు ఈ చిక్కును స్పష్టముగా చూపినవి. అక్కడ పురుషులకు రెండు పద్ధతులలో పోటీలు పెట్టినారు. ఇంగ్లీషు పద్ధతిలో ఒక్కొక్కరు 100 గజాల నుండి 144, 80 గజాల నుండి 96, 60 గజాల నుండి 48, మొత్తము 288 బాణాలు వేయవలెను. ఇందులో బ్రిటన్‌కు చెందిన విలియం డాడ్ 815 పాయింట్లతో గెలిచినాడు. యూరప్ ఖండపు పద్ధతిలో 50 మీటర్ల నుండి 40 బాణాలు మాత్రమే. ఇందులో ఫ్రాన్సుకు చెందిన యూజీన్ గ్రిసో 263 పాయింట్లతో గెలిచినాడు.

ఈ ఇద్దరిలో మేటి విలుకాడు ఎవరు? మొత్తము చూస్తే డాడ్. బాణానికి సగటు తీస్తే డాడ్‌కు 2.8, గ్రిసోకు 6.6 వచ్చును. అప్పుడు గ్రిసో మేటి. కాని దూరాలు వేరు, బాణాల సంఖ్య వేరు. కనుక ఆ రెండు తీర్పులూ చెల్లవు. ఒకరు కుంచాలలో, మరొకరు పుట్లలో చెప్పిన ధాన్యపు లెక్కలను అంకెలు మాత్రమే చూచి పోల్చినట్లుండును.

ఆ సంవత్సరపు మహిళల పోటీలో పాల్గొన్న 25 మందీ బ్రిటిష్ వారే. 53 ఏళ్ళ వయస్సులో క్వీనీ న్యూఆల్ ప్రథమ స్థానము పొందినది. ద్వితీయ స్థానము పొందిన లాటీ డాడ్ విలియం డాడ్‌కు చెల్లెలు. ఆమె వింబుల్డన్ టెన్నిస్‌లో అయిదుసార్లు విజేత.

1912లో విలువిద్యకు చోటు లేదు. 1920లో ఆంట్వెర్ప్ నగరములో మరల పోటీలు జరిగినవి గాని, వచ్చినవి బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ మూడే దేశాలు. బెల్జియం వీరుడు హ్యూబర్ట్ వాన్ ఇన్నిస్ తన 54వ ఏట అక్కడ విజయాలు సాధించినాడు. 1900, 1920 క్రీడలలో కలిపి ఆయన ఆరు పోటీలలో ప్రథముడు. అంతటి నేర్పరులు ఉండి కూడ, అన్ని దేశాలకు సమ్మతమైన నియమాలు లేనందున విలువిద్య ఆ తరువాత ఒలింపిక్ క్రీడల నుండి తొలగిపోయినది.

ల్వోవ్ నగరపు సమావేశము

1931లో, నాడు పోలండులోను నేడు యుక్రెయిన్‌లోను ఉన్న ల్వోవ్ నగరములో కొన్ని దేశాల ప్రతినిధులు సమావేశమై అంతర్జాతీయ విలువిద్య సమాఖ్యను స్థాపించినారు. అదే ఏడు అక్కడే మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. నియమాలు క్రమక్రమముగా సవరించబడి, 1957 నాటికి నిలకడైన పద్ధతి ఏర్పడినది. పురుషులు 90, 70, 50, 30 మీటర్ల నుండి, మహిళలు 70, 60, 50, 30 మీటర్ల నుండి ఒక్కొక్క దూరములో 36 చొప్పున 144 బాణాలు వేయవలెను. లక్ష్యము మీద పది వలయాలు. నడిమి వలయానికి 10 పాయింట్లు, అంచు వలయానికి 1. బాణాలన్నీ నడుమనే తగిలితే మొత్తము 1440.

ప్రయోగశాలలో విల్లు

నియమాలు కుదురుకొనుచుండగా, విల్లు ప్రయోగశాలలో ప్రవేశించినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్‌మన్, మరొక భౌతిక శాస్త్రజ్ఞుడు పాల్ క్లాప్‌స్టెగ్ మొదలైనవారు బాణపు వేగమును, వింటిబద్ద వంగే తీరును కొలిచినారు.

వారికి ఎదురైన పాత సమస్య ఒకటి ఉన్నది. బాణము వింటికి ఒక ప్రక్కన ఆనుకొని ఉండును. అల్లెత్రాడు మాత్రము వింటి మధ్యకు దూసుకొనివచ్చును. అట్లయితే బాణము ఒక ప్రక్కకు పోవలెను గదా! కాని సూటిగా పోయి లక్ష్యమునే తాకును. అతివేగముగా ఫొటోలు తీయు కెమేరా దీని రహస్యము బయటపెట్టినది. త్రాడు నెట్టిన క్షణములో బాణపు కాడ వెదురు బద్దవలె వంగి, వింటిని ఒరుసుకొనకుండ దాని చుట్టూ తిరిగి బయటపడి, ఆపైన అటూ ఇటూ ఊగుచూ సాగిపోవును. కనుక కాడ మరీ బిరుసుగా ఉండరాదు, మరీ మెత్తగా ఉండరాదు. వింటి బలానికి తగినట్లు వంగవలెను.

ఏ రెండు కొయ్య కాడలూ ఒకే విధముగా వంగవు. 1940 తరువాత వ్యాపించిన అల్యూమినియం గొట్టపు కాడలు ఈ లోపమును చాల వరకు తీర్చినవి. నియమాలకు వచ్చిన ఏకరూపత బాణాలకు కూడ వచ్చినది.

తిరిగి ఒలింపిక్ రంగములోనికి

1972లో మ్యూనిక్ నగరములో విలువిద్య మరల ఒలింపిక్ క్రీడలలో చేరినది. పై పద్ధతినే రెండుసార్లు జరిపినారు. గరిష్ఠము 2880. అమెరికాకు చెందిన 18 ఏళ్ళ జాన్ విలియమ్స్ 2528, మహిళలలో అమెరికాకే చెందిన డోరీన్ విల్బర్ 2424 సాధించినారు. 1908 నాటి 815కు లేని అర్థము ఈ అంకెలకు కలదు. టోకియోలోనో ఢిల్లీలోనో అదే పద్ధతిలో బాణాలు వేసిన విద్యార్థి తన లెక్కను విలియమ్స్ లెక్కతో నేరుగా పోల్చుకొనవచ్చును.

1988లో సియోల్‌లో జట్టు పోటీలు చేర్చినారు. మహిళల జట్టు పోటీలో అప్పటి నుండి 2024 వరకు పదిసార్లూ దక్షిణ కొరియాయే గెలిచినది. 1992 నుండి ఇద్దరిద్దరు తలపడు పద్ధతి వచ్చి, దూరము 70 మీటర్లకు స్థిరపడినది. అక్కడ 10 పాయింట్ల వలయపు వ్యాసము 12.2 సెంటీమీటర్లు. ఏడు మీటర్ల దూరములో చొక్కా బొత్తామును చూచినట్లు కనబడును. సెకనుకు 56 మీటర్ల సగటు వేగమున్న బాణము 70 మీటర్లు పోవుటకు 1.25 సెకనులు పట్టును. ఆ కాలములో స్వేచ్ఛగా పడు వస్తువు సుమారు 7.7 మీటర్లు దిగును. కనుక విలుకాడు బాణమును లక్ష్యము కంటె పైకి ఎత్తియే విడువవలెను. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా చేసి చూడవచ్చును.

మన దేశము 1988 నుండి ఈ పోటీలలో పాల్గొనుచున్నది. 2024 పారిస్ క్రీడలలో విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానము పొందినాడు. 2024 వరకు మనకు విలువిద్యలో ఒలింపిక్ పతకము రాలేదు. మనము ఎంత దూరములో ఉన్నామో స్పష్టముగా తెలియుటకు కారణము ఆ కొలబద్దయే. ఒక దేశపు ప్రయోగమును మరొక దేశము సరిచూచుటకు మీటరు, కిలోగ్రాము ఎట్లు తోడ్పడినవో, ఒక విలుకాని నేర్పును మరొకరు అందుకొనుటకు 70 మీటర్ల గీత అట్లే తోడ్పడుచున్నది.