గుడియాత్తం ప్రాంతంలో తేనెటీగల పెంపకం: కొత్తగా మొదలుపెట్టేవారికి

వేలూరు జిల్లాలోని గుడియాత్తం, పేర్ణంబట్టు, పరదరామి పరిసరాలలోను, సరిహద్దుకు ఆవల చిత్తూరు, పలమనేరు వైపు పల్లెలలోను కొబ్బరి, మామిడి, చింత, వేప, కానుగ చెట్లకు కొదవ లేదు. ఇవన్నీ తేనెటీగలకు ఆహారమిచ్చే చెట్లే. పెరటిలో రెండు పెట్టెలు ఉంచుకొనుటకు సొంత పొలమైనా అక్కరలేదు. పెట్టె కొనడం సులభం. అందులోని ఈగలను ఏడాది పొడవునా నిలుపుకోవడమే అసలు పని.

మన ప్రాంతంలో కొండ తేనెటీగ, చిన్న తేనెటీగ, పుట్ట తేనెటీగ సహజంగా కనిపిస్తాయి. మొదటి రెండూ ఆరుబయట ఒకే పట్టు కడతాయి, పెట్టెలో నిలవవు. చెట్టు తొర్రలలో, పుట్టలలో, గోడ సందులలో చీకటిచోట వరుసగా పలు పట్లు కట్టే పుట్ట తేనెటీగే పెట్టెకు తగినది. ఇటాలియన్ ఈగ ఇంతకంటె ఎన్నో రెట్లు తేనె ఇచ్చే మాట నిజమే. కాని దాని పెట్టెలను పూత వెంట ఊరూరా లారీలలో తిప్పవలసి ఉంటుంది. ఇంటిపట్టున ఉండి పెంచదలచిన కుటుంబాలకు అది తగదని మా అభిప్రాయం.

పుట్ట ఈగకు సరిపడే చిన్న పెట్టెను 1910 దశకంలో తిరుచ్చి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ అనే జెసూట్ మతగురువు రూపొందించారు. నేటికీ అది న్యూటన్ పెట్టె అనే పేరుతోనే దొరుకుతున్నది. 1920 దశకంలో మార్తాండంలోని వై.ఎం.సి.ఎ. కేంద్రం ఈ వృత్తిని పల్లె కుటుంబాలకు నేర్పగా, కన్యాకుమారి జిల్లా తేనెకు పేరుపొందినది. అయితే 1990 దశకం ఆరంభంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు సోకి, దక్షిణాది రాష్ట్రాలలో పుట్ట ఈగల కుటుంబాలు అత్యధికంగా నశించాయి. పిల్లపురుగు గదిలోనే చచ్చి నీటి సంచి వలె మారడం దీని లక్షణం. దీనికి మందు లేదు. కనుక దూరప్రాంతపు ఈగలను చవకగా వస్తున్నవని కొనరాదు. దగ్గరి ఊళ్ళలో తెగులు లేక బ్రతికిన కుటుంబాన్నే, రాణి ఈగను, గుడ్లను కంటితో చూసుకొని తీసుకోవలెను.

పెట్టెను నాలుగు కాళ్ళ స్టాండుపై, తూర్పుముఖంగా, చెట్టునీడలో ఉంచవలెను. కాళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టనిచో చీమలు చేరతాయి. పెట్టెల నడుమ రెండు మూడు మీటర్ల ఎడముండాలి. దాపున త్రాగునీరు కావలెను, పశువుల పాక మాత్రం దాపున ఉండరాదు. వారానికొకసారి ఉదయపు వేళ తెరిచి చూసి, ఖాళీ పట్లలో చేరే మైనపు పురుగును ఏరివేయవలెను. ఈగ కుట్టిన తరువాత ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా తక్షణం ఆసుపత్రికి వెళ్ళవలెను. అట్టివారు ఈ పనికి దిగరాదు.

ఇక కాలం సంగతి. మామిడి పూతతో మొదలై వేప, కానుగ, చింత పూతల దాకా ఈగలకు మంచి రోజులు. వానాకాలంలో పూత కరువవుతుంది. చాలా పెట్టెలు ఖాళీ అయ్యేది అప్పుడే. చక్కెర, నీరు సమపాళ్ళలో కలిపిన పాకాన్ని సాయంత్రం వేళ పెట్టె లోపలే ఉంచవలెను. బయట ఒలికినచో ఇతర ఈగలు వచ్చి దోచుకుంటాయి. ఈ పాకం ఈగల ప్రాణం నిలుపుటకే. దానితో నిండిన పట్టును తేనె అని అమ్మడం కల్తీయే.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మామిడి తోటలో ఉన్నది. పూతను పాడుచేసే తేనెమంచు పురుగుకు పేరులోనే తేనె ఉన్నది గాని, దానిపై చల్లే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు తేనెటీగకు మృత్యువు. పూలు విచ్చక మునుపే, మొగ్గదశలోనే మందు చల్లితే ఇరువురికీ నష్టం తగ్గుతుంది. పొరుగు రైతుతో పూత కాలానికి ముందే మాట్లాడుకోవలెను. చల్లక తప్పనినాడు సూర్యాస్తమయం తరువాత చల్లమని కోరవలెను. ఆ మాట కుదరనిచోట పెట్టెలను రాత్రివేళ మూసి ఐదారు కిలోమీటర్ల ఆవలికి తరలించుట మేలు. కొద్ది దూరమే జరిపితే ఈగలు పాతచోటికే తిరిగి పోతాయి.

పైఅరలో మైనపు మూత వేసిన పట్లనే తీయవలెను. మూత లేని తేనెలో నీరెక్కువై పులుస్తుంది. పట్టును పిండక, చట్రాలను యంత్రంలో తిప్పితే పట్టు తిరిగి ఈగలకే పనికివస్తుంది. కిందిఅర పిల్లలది, దానిని ముట్టరాదు. పెట్టెకు ఏడాదికి ఐదారు కిలోలు దక్కితే తృప్తిపడవచ్చు. అమ్మదలచినవారు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకోవలెను. ఏడాది నిండని పసిబిడ్డలకు ఎంత స్వచ్ఛమైన తేనెనైనా నాకించరాదు.

వేలూరు జిల్లావారు విరింజిపురంలోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ వివరాలు అడుగవచ్చు. అక్కడ 'తేనీ వళర్పు' అంటే వెంటనే తెలుస్తుంది. ఆంధ్ర వైపువారికి కలికిరి కేంద్రమున్నది. రెండు పెట్టెలు రెండు వానాకాలాలు దాటక మునుపు పది పెట్టెలకు అప్పు చేయవద్దు.