లూసీ ఎక్కలేని వేదిక

1951లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన 'ఐ లవ్ లూసీ'లో లూసీ గృహిణి. గాయకుడైన భర్తలాగే తానూ వేదికెక్కాలని ఆమె తపన. ఎత్తులు వేస్తుంది, నవ్వులపాలవుతుంది, తిరిగి వంటింటికే చేరుతుంది. ఆ పాత్ర వేసిన లూసిల్ బాల్ మాత్రం భర్త దేశీ ఆర్నాజ్‌తో కలిసి డెసిలూ అనే నిర్మాణ సంస్థను పెట్టింది.

1952లో ఆమె గర్భవతి అయితే, కథలో లూసీనీ గర్భవతిని చేశారు. కానీ ఆ మాట తెరమీద పలకడానికి వీల్లేదన్నారు! 1960లో విడాకులయ్యాయి. 1962లో ఆర్నాజ్ వాటా కొని, పెద్ద టెలివిజన్ స్టూడియోను నడిపిన తొలి స్త్రీ అయింది.

స్త్రీని గడప దాటనివ్వని కథే ఆమెకు స్టూడియోను సంపాదించిపెట్టింది. ఈ వైరుధ్యాన్ని మరిచి లూసీని అమాయకపు ఇల్లాలిగా మాత్రమే చదవడం అన్యాయం. ఓడిన ప్రతిసారీ ఆమె మరుసటి వారం మళ్లీ బయల్దేరింది కదా!