బొమ్మ మ్యూజియంలో, గోడ ఊళ్ళో

బార్సిలోనా వెళ్ళిన మనవాళ్ళంతా సగ్రదా ఫమీలియా ముందు ఫోటోలు దిగి వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం అక్కడికి చాలా దూరంగా, పిరనీస్ కొండల్లో ఉన్న తవుల్ అనే పల్లెలోని చర్చి. పేరు సాంట్ క్లిమెంట్.

1123 డిసెంబర్ 10న బిషప్ రామోన్ దీన్ని ప్రతిష్ఠించాడని లోపల ఒక స్తంభం మీద రంగుతో రాశారు. మర్నాడే అదే ఊళ్ళో సాంటా మరియా చర్చిని కూడా ఆయనే ప్రతిష్ఠించాడు. చిన్న ఊరికి రెండు రోజుల్లో రెండు చర్చిలన్నమాట! మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు, గుండ్రటి కమాన్లు, చెక్క కప్పు, పక్కన ఆరంతస్తుల గంటల గోపురం. రోమనెస్క్ శైలి అంటే ఇదే.

లోపల బలిపీఠం వెనకాల అర్ధచంద్రాకారపు గోడ మీద సింహాసనంపై కూర్చున్న క్రీస్తు బొమ్మ ఉండేది. యూరప్ కళాచరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపించే బొమ్మ అది. ఇప్పుడది బార్సిలోనాలో, కాటలోనియా జాతీయ కళా మ్యూజియంలో ఉంది.

ఎందుకలా? 1919లో ముర్ అనే చోట చర్చి గోడల మీది చిత్రాలు వ్యాపారుల చేతిలో పడ్డాయి. చివరికి బోస్టన్ మ్యూజియం చేరాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మిగతావి కూడా పోతాయన్న భయంతో బార్సిలోనా మ్యూజియం వాళ్ళు కొండ పల్లెల్లోని చిత్రాలు కొని, ఇటలీ నిపుణుల్ని పిలిపించారు. వాళ్ళు బొమ్మ మీద జిగురుతో గుడ్డ అంటించి, ఆరాక రంగు పొరను గోడ నుంచి ఊడబెరికి, చుట్ట చుట్టి పట్టుకెళ్ళారు. 1923కల్లా పని అయిపోయింది. మన భాషలో చెప్పాలంటే ఇది కాపీ కాదు, కట్ అండ్ పేస్ట్. అండూ లేదు.

మరి చేసింది తప్పా? నాకైతే ఆ రోజుకి అదే సరైన పని అనిపిస్తుంది. లేకపోతే ఇదీ సముద్రం దాటేదే. కాకపోతే బొమ్మని కాపాడినవాళ్ళు ఊరి దగ్గర నుంచి దాన్ని తీసుకున్నారన్నది కూడా నిజమే. ఎనిమిది వందల ఏళ్ళు ఆ ఊరివాళ్ళు దణ్ణం పెట్టుకున్న గోడ బోసిపోయింది.

తర్వాత ఆ గోడ మీద ఒక నకలు పెట్టారు. 2013లో దాన్ని తీసేసి, కింద మిగిలిన అసలు ముక్కల్ని బయటపెట్టి, ప్రొజెక్టర్లతో పాత బొమ్మని వెలుగుగా గోడ మీద పడేలా చేశారు. క్రీస్తు చేతిలోని పుస్తకంలో ఉన్నది కూడా వెలుగు గురించిన మాటే! కాసేపటికి షో అయిపోతుంది, మళ్ళీ ఖాళీ గోడ.

నాకు నచ్చింది సరిగ్గా అదే. నకలు ఉన్నన్నాళ్ళూ ఇక్కడేమీ జరగనట్టే ఉండేది. ఖాళీ గోడ మాత్రం ఏం పోయిందో దాచకుండా చెబుతుంది. 2000లో యునెస్కో ఈ లోయ చర్చిలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బార్సిలోనా వెళితే మ్యూజియంలో బొమ్మ చూడండి. వీలైతే ఇంకో రెండు రోజులు సెలవు పెట్టి గోడని కూడా చూసి రండి. రెండూ చూస్తేనే కథ పూర్తవుతుంది.