కాలు కట్టాలా, వదలాలా? ఫ్లాట్ పెడల్ 160 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొత్తం సైకిల్ పెడల్ గురించే. "పెడల్ మీద కూడా ఎపిసోడా బ్రో?" అనుకోకండి, విషయం ఉంది.

కొత్తగా మంచి సైకిల్ కొన్నవాళ్ళు మొదట అడిగేది ఇదే: "అన్నా, లైట్ వెయిట్ ఫ్లాట్ పెడల్స్ ఏవి తీసుకోవాలి?" ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నలో రెండు మాటలున్నాయి. 'లైట్ వెయిట్' ఒకటి, 'ఫ్లాట్' ఇంకోటి. ఈ రెండూ వేరే వేరే ఊళ్ళలో పుట్టి, వేరే వేరే మనుషుల చేతుల్లో పెరిగాయి. ఆ కథ తెలిస్తే డబ్బులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

మొదటి సైకిల్‌కి అసలు పెడల్సే లేవు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ వాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల చెక్క బండి తయారుచేశాడు. దానిమీద కూర్చుని, కాళ్ళతో నేలని నెట్టుకుంటూ పరిగెత్తడమే. పెడల్ రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పైనే పట్టింది. 1860లలో పారిస్‌లో ముందు చక్రం ఇరుసుకే పెడల్స్ బిగించారు. అక్కడి పియర్ మిషో పేరు బాగా వినిపిస్తుంది. అమెరికాలో పేటెంట్ మాత్రం 1866లో పియర్ లాల్మా అనే ఇంకో ఫ్రెంచ్ ఆయన పేరు మీద వచ్చింది. ఘనత ఎవరిదన్న గొడవ నూట యాభై ఏళ్ళు దాటినా తేలలేదు.

పెడల్ నేరుగా చక్రానికే ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. స్పీడ్ కావాలంటే చక్రం పెద్దది చేయడం తప్ప దారి లేదు. ఆ పెద్ద ముందు చక్రం, బుల్లి వెనక చక్రం సైకిల్ బొమ్మ మీరు చూసే ఉంటారు. అది స్టైల్ కోసం చేసింది కాదు, లెక్క కోసం చేసింది. 1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. చైన్‌తో వెనక చక్రం తిప్పడం, రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు. మనం ఇప్పటికీ తొక్కేది దాదాపు ఆ డిజైనే.

అక్కడి నుంచి పెడల్ రెండు దారుల్లో వెళ్ళింది.

ఒకటి పనివాళ్ళ దారి. మన తాతలు తొక్కిన నల్ల సైకిల్ గుర్తుందా? దాని పెడల్‌కి రెండు వైపులా రబ్బరు దిమ్మలుంటాయి. చెప్పులతో తొక్కొచ్చు, ఒట్టి కాళ్ళతోనూ తొక్కొచ్చు. పాల క్యాన్లు వేసుకుని సందులో ఆగినప్పుడు వెంటనే కాలు కింద పెట్టొచ్చు. ఫ్లాట్ పెడల్ అంటే అసలు ఇదే. మనవాళ్ళు దాన్ని ఫ్లాట్ పెడల్ అనలేదు, ఉత్త పెడల్ అన్నారు, అంతే.

రెండోది రేసర్ల దారి. వాళ్ళు కాలు జారకూడదని బూటు ముందు ఒక క్లిప్పు, చుట్టూ తోలు పట్టీ పెట్టారు. ఆగాలంటే వంగి పట్టీ వదులు చేయాలి. మర్చిపోతే సైకిల్‌తో సహా పక్కకి పడటమే. 1984లో ఫ్రెంచ్ కంపెనీ లుక్ దీనికి పరిష్కారం తెచ్చింది. వాళ్ళు మంచు మీద జారే స్కీల బైండింగ్‌లు చేసేవాళ్ళు. అదే టెక్నిక్‌తో బూటు అడుగున ఉన్న ముక్క పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంది, మడమ పక్కకి తిప్పితే ఊడుతుంది. 1985లో బెర్నార్డ్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో ఎస్‌పీడీ పెడల్స్‌తో ఇదే పద్ధతి మౌంటెన్ బైక్‌లకి వచ్చింది. అప్పటి నుంచి ఒక నమ్మకం స్థిరపడిపోయింది: సీరియస్ రైడర్ అంటే కాలు కట్టేసుకున్నవాడు, ఫ్లాట్ పెడల్ అంటే పిల్లలకి.

ఈ నమ్మకాన్ని పగలగొట్టింది రోడ్డు మీద వాళ్ళు కాదు, కొండ దిగేవాళ్ళు.

1970లలో కాలిఫోర్నియాలో రెండు గుంపులు తయారయ్యాయి. మోటర్‌సైకిల్ రేసుల్ని అనుకరిస్తూ మట్టిలో చిన్న సైకిళ్ళు ఎగిరించే బీఎంఎక్స్ పిల్లలు ఒకటి. మారిన్ కౌంటీలో పాత బరువు సైకిళ్ళతో కొండ మీద నుంచి దూకుడుగా దిగే కుర్రాళ్ళు ఇంకోటి. 1976లో వాళ్ళు పెట్టుకున్న రేస్ పేరు రీప్యాక్. దిగేసరికి వెనక హబ్ బ్రేక్‌లో గ్రీజు కాలిపోయేది, మళ్ళీ కొత్తది కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. ఇలాంటి చోట కాలు ఎప్పుడు నేల మీద పెట్టాల్సి వస్తుందో తెలియదు. కట్టేసిన కాలు ప్రమాదం. అందుకే అంచుకి పళ్ళున్న లోహపు పెడల్స్ వచ్చాయి. తర్వాత ఆ పళ్ళ స్థానంలో చిన్న చిన్న పిన్నులు వచ్చాయి.

అయినా వరల్డ్ కప్ స్థాయిలో చాలామంది క్లిప్‌లకే మారారు. అప్పుడు వచ్చాడు ఆస్ట్రేలియా కుర్రాడు శామ్ హిల్. ఫ్లాట్ పెడల్స్ మీదే 2006, 2007, 2010లలో డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అక్కడితో ఆగలేదు. ఎక్కుడు, దిగుడు రెండూ ఉండే ఎన్‌డ్యూరో వరల్డ్ సిరీస్‌ని 2017, 2018, 2019లో వరసగా మూడుసార్లు గెలిచాడు, అదీ ఫ్లాట్ మీదే.

"క్లిప్ ఉంటే పెడల్‌ని పైకి కూడా లాగొచ్చు కదా, ఆ పవర్ పోదా?" అని అడుగుతారు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో సైక్లిస్టులతో కావాలనే పైకి లాగుతూ తొక్కించారు. వాళ్ళ శరీరం ఖర్చుపెట్టిన శక్తికి వచ్చిన ఫలితం తగ్గింది, పెరగలేదు. కిందకి నొక్కడమే కాలికి సహజం.

సరే, ఇప్పుడు 'లైట్ వెయిట్' సంగతి. ఈ మోజు రోడ్ రేసింగ్ నుంచి వచ్చింది. అక్కడ గ్రాముల పిచ్చి ఎంత ముదిరిందంటే, 2000 నుంచి యూసీఐ రేస్ సైకిల్ 6.8 కిలోల కన్నా తగ్గకూడదని రూల్ పెట్టింది.

మన లెక్క మనం చేద్దాం. మంచి నైలాన్ పెడల్స్ జత సుమారు 350 గ్రాములు. మెగ్నీషియం బాడీ, టైటానియం ఇరుసు ఉన్నవి సుమారు 200. తేడా 150 గ్రాములు. మీరు, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. 150 గ్రాములంటే అందులో 0.18 శాతం. గంటసేపు ఘాట్ ఎక్కితే మిగిలేది ఆరు సెకన్లు. ఆరు సెకన్ల కోసం ధర కొన్ని రెట్లు.

"పెడల్ తిరిగే భాగం కదా, తిరిగే బరువు డబుల్ లెక్క" అని కూడా అంటారు. అది టైరుకి నిజం, పెడల్‌కి కాదు. 170 మిల్లీమీటర్ల క్రాంక్, నిమిషానికి 80 చుట్లు అయితే పెడల్ తిరిగే వేగం సెకనుకి 1.4 మీటర్లే. సైకిల్ 25 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉంటే అది సెకనుకి దాదాపు 7 మీటర్లు. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, తిరగడం వల్ల కలిసే అదనపు భారం 4 శాతమే. డబుల్ ఎక్కడ, 4 శాతం ఎక్కడ!

మరి ఏం చూసి కొనాలి?

మొదటిది, పట్టు. పెడల్ మీ బూటు వెడల్పుకి సరిపోవాలి. పిన్నులు మార్చుకునేలా ఉండాలి. వెనక వైపు నుంచి బిగించేవైతే ఇంకా మంచిది, రాయి తగిలి తల అరిగినా తీయొచ్చు. మధ్యలో కొంచెం గుంటగా ఉంటే కాలు కుదురుగా కూర్చుంటుంది. బూటు అడుగు మెత్తని రబ్బరు అయి ఉండాలి. పెడల్ ఎంత మంచిదైనా జారే బూటు దాన్ని దండగ చేస్తుంది.

రెండోది, మందం. పల్చగా ఉంటే రాళ్ళకి తక్కువ తగులుతుంది, కాలి కింద పొర్లదు.

మూడోది, ఇరుసు. మీ బరువంతా మోసేది అదే. క్రోమోలీ స్టీల్ బరువైనా నమ్మకమైనది. టైటానియం ఇరుసుకి కొన్ని కంపెనీలు రైడర్ బరువు మీద లిమిట్ పెడతాయి. కొనేముందు ఆ లైన్ చదవండి. గ్రాములు తగ్గించాలని ఉంటే బాడీలో తగ్గించండి, ఇరుసులో కాదు. దిగుడులో ఇరుసు విరిగితే పోయేది ఆరు సెకన్లు కాదు, మూతి పళ్ళు.

బిగించేటప్పుడు ఒక మాట. ఎడమ పెడల్‌కి మరలు ఉల్టా ఉంటాయి. తొక్కుతుంటే అది దానంతటదే వదులవకుండా అలా చేశారు. గుర్తుపెట్టుకోవడం తేలిక: పానాని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. రెండు వైపులా ఇదే రూల్. మరలకి కొంచెం గ్రీజు రాసి, ముందు చేత్తోనే తిప్పండి. బలవంతంగా పానాతో ఎక్కిస్తే క్రాంక్ మరలు పోతాయి, అప్పుడు పెడల్ ఖర్చుతో పాటు క్రాంక్ ఖర్చు కూడా.

కాబట్టి బడ్జెట్ తక్కువైతే క్రోమోలీ ఇరుసున్న నైలాన్ పెడల్స్, మిగిలిన డబ్బుతో మంచి బూట్లు. నా ఓటు దీనికే. మన తాతల రబ్బరు పెడల్ చెప్పింది కూడా అదే: కాలు నిలవాలి, కావాలన్నప్పుడు రావాలి. గ్రాముల లెక్క ఆ తర్వాతే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో బ్రేకుల కథ చెప్పుకుందాం. హెల్మెట్ పెట్టుకుని తొక్కండి. బై!