ధరణి పోర్టల్: గోప్యత వివాదం
ధరణి, తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరు 29న ప్రారంభించిన భూరికార్డుల పోర్టల్. వ్యవసాయేతర ఆస్తుల నమోదుకూ ఆధార్, కులం వివరాలు అడగడంతో వివాదం రేగింది. ఇల్లు నమోదు చేసుకోవడానికి కులమెందుకన్న ప్రశ్న సహజమే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ధరణిపై వ్యాజ్యాలు దాఖలు కాగా, తెలంగాణ హైకోర్టు 2020 నవంబరులో మధ్యంతర ఉత్తర్వుతో వ్యవసాయేతర ఆస్తుల వివరాల సేకరణను ఆపింది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పినపాక వంటి ఏజెన్సీ మండలాల్లో లెక్క వేరు. జనం 1/70 చట్టమని పిలిచే భూబదలాయింపు నిబంధన ప్రకారం అక్కడ గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. నగరవాసికి చొరబాటనిపించిన కులం వివరమే అక్కడ గిరిజనుడి భూమికి కాపలా. అయితే ఆ వివరం ఎవరెవరి చేతుల్లో పడుతుందన్న ప్రశ్న ఇద్దరికీ ఒకటే. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది.