గంజీఫా: ఎవరి ఆట, ఎవరి చరిత్ర?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, పత్రికల్లో 'మైనారిటీ కార్డు' అనే మాట మొదలవుతుంది. ఫలానా పార్టీ ఆ కార్డు బయటికి తీసిందంటారు. ఫలానా నాయకుడు దాన్ని తురుపుముక్కలా వాడుకున్నాడంటారు. ఆడేవాళ్ళు ఎవరో, గెలిచేవాళ్ళు ఎవరో. మేం మాత్రం ముక్కలం. పత్రికల్లో పనిచేసే మాకు కూడా ఈ భాష అలవాటైపోయింది. అయితే ఆ ముక్క చరిత్ర తవ్వి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. అది ఐరోపాకు చేరింది ముస్లింల చేతుల మీదుగానే. ఈ దేశపు దర్బారుల్లోకి వచ్చిందీ అలాగే. వచ్చాక మాత్రం ఏ ఒక్క మతం సొత్తుగానూ మిగల్లేదు.

ఐరోపాలో పేకాట ప్రస్తావనలు 14వ శతాబ్దం చివర ఒక్కసారిగా కనిపిస్తాయి. 1377లో ఫ్లారెన్స్ నగరం 'నైబ్బె' అనే కొత్త ఆటను నిషేధించింది. 1379లో ఈ ఆట అరబ్బుల దేశం నుంచి తమ ఊరికి వచ్చిందని ఇటలీలోని వితెర్బో పట్టణ చరిత్ర చెబుతుంది. స్పెయిన్‌లో ఇప్పటికీ పేకముక్కల్ని 'నైపెస్' అంటారు. ఈ మాట ఎక్కడిది? జవాబు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజభవనంలో దొరికింది. 1931లో ఎల్.ఎ. మేయర్ అనే పండితుడు అక్కడ ఈజిప్టు మమ్లూకు సుల్తానుల కాలం నాటి పేకముక్కల్ని గుర్తించాడు. 1939లో వాటి గురించి రాశాడు. గిన్నెలు, నాణేలు, ఖడ్గాలు, పోలో కర్రలు - నాలుగు రంగులు. ఒక్కో రంగులో పై మూడు ముక్కలు: మలిక్, నాయబ్ మలిక్, సానీ నాయబ్. అంటే రాజు, రాజప్రతినిధి, రెండో ప్రతినిధి. మన 'నాయబ్ తహసీల్దారు'లో ఉన్న నాయబే ఇటలీలో నైబ్బె అయ్యాడు, స్పెయిన్‌లో నైపెస్ అయ్యాడు. పోలో తెలియని ఐరోపావాళ్ళు పోలో కర్రను మామూలు దుడ్డుకర్ర చేసేశారు.

ఆ ముక్కల మీద మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. రాజును కూడా అక్షరాలతోనే, అలంకారాలతోనే చూపారు. మేయర్ జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ కళలు బోధించిన యూదు పండితుడు. ఆ పరిశోధనను ముందుకు తీసుకెళ్ళినవాళ్ళలో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త మైకేల్ డమ్మెట్ ఒకడు. ఆయన 1973లో కమాల్ అబూదీబ్‌తో కలిసి మమ్లూకు ముక్కల మీద వ్యాసం రాశాడు. బ్రిటన్‌లో జాత్యహంకారానికి వ్యతిరేకంగా, వలసవచ్చిన వాళ్ళ పక్షాన ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి కూడా ఆయనే. మా చరిత్రలో ఒక పుట మాకు దక్కడానికి ఇంతమంది పనిచేశారు.

ఇక మన దేశం సంగతి. 'గంజీఫా' మాట భారతదేశంలో మొదట కనిపించేది బాబరు ఆత్మకథలో. 1527 జూన్‌లో, సింధులోని ఠట్టాలో ఉన్న షా హసన్ గంజీఫా మీద మోజుతో అడిగితే, మీర్ అలీ ఖోర్చీ చేతికిచ్చి పంపానని బాబరు రాసుకున్నాడు. డెబ్బై ఏళ్ళు తిరక్కుండానే అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో ఈ ఆటను వివరంగా వర్ణించాడు. పాత ఆటలో 12 రంగులు, రంగుకు 12 ముక్కలు, మొత్తం 144. ఆ రంగుల పేర్లు చూడండి: అశ్వపతి, గజపతి, నరపతి, ధనపతి, దళపతి... ఫార్సీ గ్రంథంలో సంస్కృత పేర్లు! అక్బరు చేసిన మార్పుల తర్వాత స్థిరపడిన మొఘల్ గంజీఫాలో 8 రంగులు, 96 ముక్కలు: తాజ్, సఫేద్, షంషీర్, గులాం, చంగ్, సుర్ఖ్, బరాత్, ఖిమాష్. కిరీటం, వెండి నాణెం, కత్తి, బానిస, వీణలాంటి వాద్యం, బంగారు నాణెం, సర్కారు పత్రం, సరుకు. ఒక రాజ్యం నడవడానికి కావలసినవన్నీ ఆ గుండ్రటి ముక్కల్లో ఉన్నాయి.

ఆట నియమం ఒకటి గమనించాలి. పగలు ఆడితే బంగారు నాణెం, అంటే సూర్యుడి ముక్క ఉన్నవాడు ఆట మొదలుపెట్టాలి. రాత్రయితే వెండి నాణెం, అంటే చంద్రుడు. ఇప్పుడు దశావతార గంజీఫా చూడండి. 10 అవతారాలు, 10 రంగులు, 120 ముక్కలు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెలు. మొఘల్ ఆటలోని మీరు, వజీరు, పది అంకెల లెక్క ఇదే. మహారాష్ట్రలోని సావంత్‌వాడి ఆటలో పగలైతే రాముడు మొదలుపెడతాడు, రాత్రయితే కృష్ణుడు. సూర్యుడి చోట రాముడు, చంద్రుడి చోట కృష్ణుడు. చట్రం అదే, నియమం అదే, బొమ్మలు మారాయి. బెంగాల్ విష్ణుపురంలో, ఒరిస్సా పల్లెల్లో, మైసూరు దర్బారులో ఇలా ఎవరి గంజీఫా వాళ్ళు తయారుచేసుకున్నారు. వీటన్నిటినీ ఒకచోట చేర్చి చూపినవాడు బొంబాయిలో కళావిమర్శకుడిగా బతికిన రుడాల్ఫ్ ఫాన్ లైడెన్. 1982లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తరఫున వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ రంగంలో ఆధారగ్రంథం.

రాముణ్ణి గంజీఫా ముక్క మీదికి ఎక్కించిన చిత్రకారుడు ఆ ఆట పరాయిదనుకోలేదు. తురకల ఆట అని తోసిపుచ్చలేదు. అలాగని తన దేవుణ్ణీ వదులుకోలేదు. దీన్ని 'దాడి' అనాలా? 'కలుషితం' అనాలా? 1992 డిసెంబరు 6 తర్వాత రాముడి పేరు వింటే మా ఇళ్ళలో వణుకు పుట్టిన రోజులున్నాయి. అందుకే ఒకప్పుడు రాముడు, వజీరు ఒకే పేకలో కూర్చున్నారన్న సంగతి మాకు చిన్నదిగా కనిపించదు.

ఈ కథ మన గడ్డకూ వచ్చింది. నిర్మల్ ఒకప్పుడు గంజీఫాల తయారీకి పేరుపడ్డ ఊరు. ఇప్పుడు లోకానికి తెలిసింది పొనికి కర్ర బొమ్మలు, పెయింటింగులే. ఆ బొమ్మలు గీసేవాళ్ళను నకాషీలంటారు. చేర్యాలలో కులపురాణాల పటాలు గీసేవాళ్ళూ నకాషీలే. మార్కండేయ పురాణం గీసే హిందూ చిత్రకారుడి వృత్తిపేరు అరబ్బీ మాట - నఖ్ఖాష్, చిత్రాలు గీసేవాడు. పాలకుల భాష చేతివృత్తుల నాలుక మీదికి దిగి, కులం పేరై స్థిరపడింది. ఈ మాటను తెలుగులోంచి ఎవరు వెళ్ళగొడతారు?

అచ్చుయంత్రం మీద చౌకగా తయారైన ఐరోపా పేకలు వచ్చాక చేతితో గీసిన గంజీఫా నిలవలేకపోయింది. గుడ్డ పొరలు చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, రంగులద్ది, లక్క పట్టించే పనికి గిరాకీ పోయింది. కొత్త పేకతో కొత్త మాటలొచ్చాయి. తెలుగువాళ్ళ ఆఠీను, కళావరు డచ్చి భాషలోని హార్టెన్, క్లావెరెన్ నుంచి వచ్చినవంటారు. మా ఇళ్ళలో మాత్రం పాన్, ఈంట్, చిడి, హుకుం. జాకీని గులాం అంటాం. అంటే గంజీఫా చచ్చిపోయినా గులాం బతికే ఉన్నాడు! ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి చొప్పున ఒకే ముక్కకు రెండు పేర్లతో పెరిగినవాళ్ళం మేం. అందులో మాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఉన్నది రెంట్లో ఏదో ఒకటి ఎంచుకోమనే వాళ్ళతోనే.

మా పెద్దలు ఒక ప్రశ్న అడుగుతారని తెలుసు. జూదం హరామ్ కదా, దీనికి చరిత్ర ఎందుకు అని. జూదం హరామే, అందులో వాదన లేదు. కానీ చరిత్ర మసీదుల్లోనే జరగలేదు. కార్ఖానాల్లో, దర్బారుల్లో, బజారుల్లో కూడా జరిగింది. మా పూర్వీకుల్ని దండయాత్రల పుటల్లోనే చూపే పాఠ్యపుస్తకాలకు జవాబు చెప్పాలంటే నమాజు గురించి చెబితే చాలదు, నఖ్ఖాషీ గురించి కూడా చెప్పుకోవాలి. ఆ పని మేం చెయ్యకపోతే మా తరఫున ఇంకెవరో చేస్తారు, వాళ్ళకు కావలసినట్టు.

గంజీఫాలో బరాత్ అని ఒక రంగు ఉందన్నాం కదా. సర్కారు ముద్ర పడిన కాగితం అది. ఇవాళ మమ్మల్ని అడుగుతున్నదీ అలాంటి కాగితమే. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ కార్డు - అన్నీ చూపించాక కూడా ఎక్కణ్ణుంచి వచ్చారనే ప్రశ్న ఆగడం లేదు. 2019లో అస్సాం పౌర జాబితా వచ్చినప్పుడు పందొమ్మిది లక్షల పైచిలుకు మందికి, అన్ని మతాల వాళ్ళకీ, ఈ ప్రశ్నే ఎదురైంది. మేం ఎక్కణ్ణుంచి వచ్చామో కార్డు చెప్పలేదు. నిర్మల్ నకాషీ వృత్తిపేరు చెబుతుంది. సావంత్‌వాడి రాముడి పక్కనున్న మంత్రి చెబుతాడు. ఈ చరిత్ర తెలిసినవాళ్ళు మమ్మల్ని ఇంకొకరి చేతిలో ముక్క అనడానికి కాస్త ఆలోచిస్తారని మా నమ్మకం.